తొడిమ వదిలే వేళ

అందరికీ నమస్కారమండీ. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడొద్దు. మన వయసులో సగం మాటలు మొహమాటం వల్లే జారిపోతాయి.

నన్ను మాట్లాడమన్న సంగతి చాలా పెద్దది. బాల్యం, యవ్వనం, ముసలితనం, ఆ తర్వాత ఏమన్నా ఉందా అని. నేను 34 ఏళ్ళు స్కూల్లో బయాలజీ చెప్పినదాన్ని, ప్రవచనాలు చెప్పేదాన్ని కాదు. ఇప్పుడు నాకు 71. కాబట్టి నాకు తెలిసిన దారిలోనే వస్తాను, ఒక సూదితో మొదలుపెడతాను.

నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు మా అమ్మ బట్టలు కుట్టుకుంటూ "ఇదుగో, దీనికి దారం ఎక్కించవే" అని సూది నా చేతికిచ్చేది. నేను దారం కొస నోట్లో తడిపి, రెండు వేళ్ళతో మెలిపెట్టి, ఒక్కసారికే బెజ్జంలోకి దూర్చి ఇచ్చేసి ఆటకి పారిపోయేదాన్ని. అంత బెజ్జం అమ్మకి ఎందుకు కనపడదో నాకు అర్థమయ్యేది కాదు. ఆవిడ సూదిని కిటికీ వైపు ఎత్తి, చెయ్యి బార్లా చాపి, మళ్ళీ దగ్గరికి తెచ్చి, కళ్ళు చికిలించి, దారం పక్కకి పోయి, మళ్ళీ మొదలు. మొన్నీమధ్య నేను అచ్చంగా అలాగే చేస్తున్నాను, అదే కిటికీ వైపు తిరగడం, అదే చెయ్యి చాపడం. ఎందుకో పక్కకి చూస్తే మా మనవరాలు గుమ్మం దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. దాని మొహంలో అప్పటి నా మొహమే ఉంది. అరవై ఏళ్ళు ఎటు పోయాయో ఆ ఒక్క క్షణం నాకు తెలియలేదు.

దీన్ని మన భాషలో చత్వారం అంటాం కదా. సంస్కృతంలో నలభైకి చత్వారింశత్ అని పేరు, అందులోంచి వచ్చిన మాట. అంటే ఆ జబ్బుకి మనవాళ్ళు వయసు పేరే పెట్టేశారు, నలభై వచ్చింది అంటే చాలు, కంటి సంగతి వేరే చెప్పక్కర్లేదు. జరిగేదేంటంటే చిన్నప్పుడు కంట్లో లెన్స్ మెత్తగా ఉంటుంది, దగ్గరవి చూడాలంటే ఉబ్బుతుంది, దూరానివి చూడాలంటే చదునవుతుంది, ఏళ్ళు గడిచేకొద్దీ అది గట్టిపడి ఉబ్బడం మానేస్తుంది. అంతే. క్లాసులో ఇది ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. కానీ ఇందులో ఒక ముచ్చట ఉంది, అది నాకు రిటైరయ్యాక గానీ గుండెకి తగల్లేదు.

మన ఒంట్లో చాలావరకు పాతది పోయి కొత్తది వస్తూ ఉంటుంది. పేగు లోపలి పొర నాలుగైదు రోజుల్లో మారిపోతుంది. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. ఎముక కూడా ఊరికే ఉండదు, కరుగుతూ కట్టుకుంటూ పెద్దవాళ్ళలో సుమారు పదేళ్ళకి అస్థిపంజరం కొత్తదైనట్టే లెక్క. కానీ కంటి లెన్స్ నడిమధ్యన ఉండే ప్రోటీన్ ఉంది చూశారూ, అది మనం అమ్మ కడుపులో ఉన్నప్పుడు తయారైంది, మళ్ళీ మారదు. వెనకటి అణుపరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 అనే ఒక రకం కార్బన్‌ని బట్టి సైంటిస్టులు దాన్ని లెక్కేసి కూడా చూశారు. అంటే ఇప్పుడు నేను మిమ్మల్ని చూస్తున్న ఈ కంట్లో, 71 ఏళ్ళ కిందట అమ్మ కడుపులో చీకట్లో తయారైన ముక్క అలాగే ఉంది. వెలుతురంటే ఏంటో తెలియని చోట వెలుతురు కోసం తయారైంది అది! అక్కడ కూర్చుని కడుపులో పిల్లకి ఎవరన్నా చెప్పినా నమ్మేదా, నీకు కళ్ళు ఎందుకు వస్తున్నాయో తెలుసా, బయట సూర్యుడున్నాడు అని?

ఇది రుజువు అని నేను అనడం లేదండీ, దయచేసి అలా తీసుకోవద్దు. నా మనసు ఎలా కదిలిందో చెప్తున్నాను.

ఆ తర్వాత నేను మతగ్రంథాలు కొంచెం చదివాను, నాదీ, పక్కవాళ్ళదీ. నన్ను ఆశ్చర్యపరిచిందేంటంటే చనిపోయాక ఏముంది అన్న ప్రశ్న వచ్చినప్పుడు అవి మన ఒంటినీ, మన కాళ్ళ కింద మట్టినీ చూపించాయి. భగవద్గీత రెండో అధ్యాయం 13వ శ్లోకం తీసుకోండి, ఈ ఒంట్లోనే కౌమారం, యవ్వనం, ముసలితనం ఎలా వచ్చాయో ఇంకో దేహం రావడం కూడా అలాంటిదే అంటుంది. ఖురాన్ 22వ అధ్యాయం ఐదో వాక్యంలో, మళ్ళీ లేవడం గురించి మీకు సందేహం ఉంటే మీరు ఎలా పుట్టారో చూసుకోండి, మట్టి నుంచి, బిందువు నుంచి, పసిబిడ్డగా, నిండు వయసుగా, కొందరు అన్నీ తెలిసినవాళ్ళు ఏమీ తెలియని స్థితికి వచ్చేదాకా, అని వరుసగా చెప్పి చివర్లో ఎండిన నేల వానకి కదిలి పచ్చబడటం చూపిస్తుంది. ముసలితనాన్ని అందంగా చూపించలేదు చూడండి, మతి తప్పడం కూడా చెప్పింది, అది నాకు నచ్చింది. బైబిల్లో కొరింథీయులకి రాసిన మొదటి ఉత్తరం 15వ అధ్యాయంలో పౌలు విత్తనం గురించి చెప్తాడు, నువ్వు నాటేది రాబోయే మొక్క కాదు, వట్టి గింజ అని. మూడూ మూడు వేరు వేరు చోట్ల, వేరు వేరు కాలాల్లో పుట్టినవి, చెప్పే విషయం కూడా ఒకటి కాదు, ఒకటి పునర్జన్మ, మిగతా రెండూ పునరుత్థానం. కానీ మూడూ వేలు పెట్టి చూపించింది మన కళ్ళముందు జరిగే మార్పునే. నువ్వు ఇప్పటికే కొన్నిసార్లు మారిపోయావు కదా, గమనించలేదా, అని నాకు వినిపించింది.

నిజమే కదండీ. ఏడేళ్ళ ఆ పిల్ల, ఒక్కసారికే దారం ఎక్కించిన పిల్ల, ఇప్పుడు ఎక్కడుంది? చచ్చిపోలేదు. బతికీ లేదు. దాని కోసం ఎవరూ ఏడవలేదు. ఆ తర్వాత పాతికేళ్ళ ఒక మనిషి ఉండేది, చంకలో బిడ్డతో, చేతిలో చాక్‌పీస్‌తో, ఆవిడా వెళ్ళిపోయింది, ఏ రోజు వెళ్ళిందో డైరీలో కూడా లేదు. ఒక్కో దశలోంచి తర్వాతి దశలోకి మనం వెళ్ళేటప్పుడు అక్కడేముందో మనకి తెలిసి వెళ్ళలేదు. ఎవరు చెప్పినా అర్థం కాలేదు కూడా, పద్నాలుగేళ్ళ పిల్లకి పిల్లల్ని కన్న తల్లి భయం ఏంటో ఎలా చెప్తారు?

మా ఆయన ఇవేవీ ఒప్పుకునేవారు కాదు. 44 ఏళ్ళ కాపురం మాది, ఆయనకి దేవుడూ లేడు, పైలోకమూ లేదు. ఈ శ్లోకం నేను చెప్పినప్పుడు పేపరు పక్కన పెట్టి శ్రద్ధగా విని ఒక మాటన్నారు. "చిన్నతనం నుంచి పెద్దతనానికి వచ్చేటప్పుడు మెదడు మనతోనే వచ్చింది, జ్ఞాపకం మనతోనే వచ్చింది. ఆ చివరి దాటుడికి ఏది మోసుకెళ్తుంది, చెప్పు?" అన్నారు. గట్టి ప్రశ్న. నా దగ్గర అప్పుడూ జవాబు లేదు, ఇవాళా లేదు. పోలిక బాగుందని నిజమైపోదు. బయాలజీ టీచర్ని కాబట్టి ఆయన ప్రశ్న బరువు నాకు ఇంకా బాగా తెలుసు.

ఐదేళ్ళ కిందట ఆయనకి జబ్బు చేసింది. ఆఖరి నెలలో ఒక రాత్రి నేను నిద్రపట్టక కూర్చుంటే ఆయనే కదిలించారు. "ఎందుకే అంత బెంగ? నీ మాట నిజమైతే ముందెళ్ళి ఉంటాను. నా మాట నిజమైతే కలలు లేని నిద్ర. రెండిట్లో దేనికి భయపడమంటావు?" అన్నారు. తర్వాత ఎప్పుడో చదువుతుంటే తెలిసింది, క్రీస్తుపూర్వం 399లో ఏథెన్స్‌లో మరణశిక్ష పడ్డ సోక్రటీస్, అప్పటికి ఆయనకి ఓ 70 ఏళ్ళు, న్యాయసభలో దాదాపు ఇదే అన్నాడట, చావు కలలేని నిద్ర అయినా అయ్యుండాలి, ఇంకో చోటికి ప్రయాణమైనా అయ్యుండాలి, రెండూ చెడ్డవి కావు అని. మా ఆయన అది చదివి అన్నారో, ఆయనకే తట్టిందో అడగడానికి ఆయన లేరు.

నేను మీ ముందు దాచను. ఆ రాత్రి నమ్మేదాన్ని నేనే, భయపడుతున్నదాన్నీ నేనే. నమ్మని మనిషి నిబ్బరంగా ఉన్నారు. అది నన్ను చాలాకాలం బాధపెట్టింది, నా నమ్మకం ఉత్తదేనా అని. ఇన్నాళ్ళూ నేను నమ్మకం అనుకున్నది ఏంటంటే అక్కడి గురించి నాకేదో సమాచారం తెలుసు అనుకోవడం, అంతే. రోడ్డు మ్యాపు చేతిలో ఉన్నట్టు. భయం వచ్చేసరికి మ్యాపు చిరిగిపోయింది.

అసలు నమ్మకం అంటే ఏంటో ఆయన గడ్డం గీస్తున్నప్పుడు తెలిసింది నాకు. ఆఖర్లో ఆయన చెయ్యి వణుకుతుంటే నేనే గీసేదాన్ని. ఎవరి చేతా నీళ్ళ గ్లాసు కూడా అందుకోని మనిషి, షర్టు గుండీ కూడా ఎవర్నీ పెట్టనిచ్చేవారు కాదు. మొదటి రెండు రోజులు చిరాకుపడ్డారు. మూడో రోజు దిండు మీద తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని, మెడ అలా పైకెత్తి ఇచ్చేశారు. గొంతు మీద బ్లేడు ఆడుతోంది, నాకా చత్వారం, అద్దాలు జారిపోతున్నాయి, ఆయన మాత్రం ఊపిరి కూడా మారకుండా పడుకున్నారు. దవడ కింద కుంకుడు గింజంత గరుకు చోటు ఒకటి ఉండేది, అక్కడికొచ్చేసరికి ఆయనే తల పక్కకి తిప్పేవారు, కళ్ళు తెరవకుండానే. పైలోకం ఉందని ఒక్కరోజు కూడా అనని మనిషి నాకు నమ్మడం అంటే ఏంటో చూపించి వెళ్ళారు.

ఎరిక్ ఎరిక్‌సన్ అని మానసిక శాస్త్రవేత్త, 1950లో మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా చెప్పాడు. మొట్టమొదటి దశలో పసిబిడ్డ నేర్చుకునేది ఒక్కటే, నన్ను ఎత్తుకున్న చేతుల్ని నమ్మొచ్చా లేదా అని. ఎనిమిదోది ముసలితనం, నా బతుకు నాదే, ఇలా గడిచినందుకు నాకు సమ్మతమే అనుకోగలనా, లేక నిరాశలో పడతానా అని. ఆయన 1994లో, 91 ఏళ్ళకి పోయారు. ఆయన భార్య జోన్ తన తొంభైల్లో తొమ్మిదో దశ ఒకటుందని రాసింది, అది 1997లో వచ్చింది. ఎనభైలు తొంభైలు ఎలా ఉంటాయో అందులోకి వెళ్ళినవాళ్ళకే తెలుస్తుంది కదా, భర్త ముందే ఊహించి రాసిన దానికీ తను అనుభవిస్తున్న దానికీ తేడా ఉందని ఆవిడకి అనిపించింది. ఆవిడ చెప్పేదేంటంటే ఆ వయసులో పాత దశలన్నీ మళ్ళీ తిరిగొచ్చి కూర్చుంటాయి, ఒళ్ళు మాట వినదు, నా మీద నాకే నమ్మకం పోతుంది, కాబట్టి పసిబిడ్డ నేర్చుకున్న మొదటి పాఠమే మళ్ళీ నేర్చుకోవాలి. నా మట్టుకు నాకు ఆ ఎనిమిదింటికన్నా ఈ తొమ్మిదోదే ఎక్కువ నిజమనిపిస్తుంది, నడిచిన మనిషి రాసింది కాబట్టి.

ఆత్మ ఉందని సైన్సుతో తేల్చాలని చూసినవాళ్ళూ ఉన్నారు. అమెరికాలో ఒక డాక్టరు చనిపోతున్న ఆరుగుర్ని తూకం మీద పెట్టి చూసి, ఆ లెక్కలు 1907లో ప్రచురించాడు, అందరూ చెప్పుకునే 21 గ్రాముల లెక్క ఆ ఆరుగురిలో ఒక్కరిది, మిగతావి పొంతన కుదరలేదు. 2001లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన ఒక స్టడీలో గుండె ఆగి బతికినవాళ్ళు 344 మందిని అడిగితే 62 మంది ఏదో ఒకటి చూశామని, అనుభవించామని చెప్పారు. చదవడానికి ఆసక్తిగానే ఉంటుంది. కానీ వాళ్ళు తిరిగొచ్చినవాళ్ళు, నాకు కావాల్సింది తిరిగిరాని మనిషి కబురు. నేను వాటి మీద ఆనుకోను.

ఇంకో మాట. మన తెలుగులో పండు ముసలి అంటాం. తల పండిన మనిషి అంటాం. ఎండిన అనం, అరిగిన అనం, పండిన అంటాం. మృత్యుంజయ మంత్రంలో కూడా ఇదే, దోసపండు తొడిమ నుంచి విడిపోయినట్టు నన్ను చావు నుంచి విడిపించు అని. అది రుగ్వేదం ఏడో మండలంలోది. నేను పిల్లలకి ఈ తొడిమ సంగతి పాఠంగా చెప్పాను. పండు తొడిమ దగ్గర ఒక సన్నటి కణాల పొర ఉంటుంది. పక్వానికి వచ్చేటప్పుడు ఎథిలీన్ అనే వాయువు పుట్టి, ఆ కణాల్ని అతికించి ఉంచే పదార్థం కరిగిపోతుంది. దోస జాతిలో ఖర్బూజా లాంటివైతే తీగని ఇలా ముట్టుకుంటే చాలు, కాయ చేతిలోకి వచ్చేస్తుంది, తొడిమ ఉన్న చోట నున్నటి గుంట మిగులుతుంది. అదే పచ్చికాయని లాగి చూడండి, తీగ చీలుతుంది, నీరు కారుతుంది. అంటే వదలడం కోసం కూడా చెట్టు లోపల పని చేస్తుందండీ, ఎన్నో రోజుల ముందు నుంచి. కళ్ళు మసకబారడం, పేర్లు మర్చిపోవడం, ఇదివరకు పట్టుదలగా పోట్లాడినవి ఇప్పుడు పోనీలే అనిపించడం, ఇవన్నీ ఆ పొర పనేనేమో అనుకుంటాను.

కానీ ఒకటి గట్టిగా చెప్పాలి. తొడిమ వదలడం పండు పని, పక్కవాళ్ళ పని కాదు. ఒక ఆసుపత్రిలో ఎవరో మా ఆయన మంచం పక్కనే నిలబడి, ఆయన వింటుండగా, "వయసైపోయింది కదమ్మా, ఇంకేం చూస్తాం" అన్నారు. ఆయన కళ్ళు తెరిచి చూసి మళ్ళీ మూసుకున్నారు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. పరలోకం నమ్మేవాళ్ళం ఈ తప్పు ఇంకా తేలిగ్గా చేస్తాం, ఎలాగూ మంచి చోటికే కదా వెళ్ళేది అని. అలా అనే హక్కు మనకి లేదు. నొప్పికి మందు వెయ్యాలి, దుప్పటి సరిచెయ్యాలి, ఆ మనిషితో ఆ మనిషి గురించే మాట్లాడాలి, ఆఖరి ఊపిరి దాకా ఆయన ఇక్కడి మనిషే.

మరి పండకుండానే రాలినవాళ్ళ మాటేంటి? ఈ హాల్లో బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్ళు ఉండే ఉంటారు, మీ ముందు పండు గురించి మాట్లాడుతుంటే నా గొంతుకే అడ్డం పడుతోంది. దానికి నా దగ్గర పోలిక లేదు. ఒకటి మాత్రం చెప్తాను. ఇజ్రాయెల్లో కఫ్జే అని ఒక గుహ ఉంది, అందులో 90 వేల ఏళ్ళ కిందటివో అంతకన్నా పాతవో అయిన సమాధులు దొరికాయి. అందులో ఒకటి పన్నెండు పదమూడేళ్ళ బిడ్డది. వెల్లకిలా పడుకోబెట్టి, పైన ఛాతీ దగ్గర జింక కొమ్ములు పెట్టారు. ఊళ్ళు లేవు, రాత లేదు, పంట లేదు అప్పటికి. కొమ్ముతో పనిముట్లు చేసుకోవచ్చు, వాడుకోవచ్చు. అయినా ఎవరో, తల్లే అయ్యుంటుందని నా మనసు అంటుంది, ఆ బిడ్డతో పాటు వదిలేశారు. వాళ్ళకి భాష ఎంతుందో, దేవుడు ఉన్నాడో లేడో ఎముకలు చెప్పవు. కానీ ఇంక ఏమీ లేదు అనుకున్న చెయ్యి అలా పెట్టదండీ. మనది కొత్త బాధ కాదు, మన ఆశ కూడా కొత్తది కాదు.

నేను ఏం నమ్ముతున్నానో సూటిగా అడిగితే, ఆయన ఉన్నారని నమ్ముతున్నాను. ఎక్కడ, ఏ రూపంలో, నన్ను గుర్తుపడతారా అంటే తెలియదు. రోజూ నమ్మకం ఒకేలా ఉండదు, కొన్ని రాత్రులు బొత్తిగా ఉండదు. అలాంటప్పుడు నేను వాదించుకోను, దిండు మీద తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంటాను, ఆయన చేసినట్టు. చేతికి అంటుకున్నవి కూడా ఒకటొకటే వదులుతున్నాను. నా మైక్రోస్కోపు, మొదటి జీతాల్లో దాచుకుని కొన్నది, పోయినేడాది ఒక పాత స్టూడెంటుకి ఇచ్చేశాను, ఇచ్చేటప్పుడు పెట్టె మూత మీద చెయ్యి తీయడానికి కొంచెంసేపు పట్టింది.

ఇందాకటి ఎరిక్‌సనే ఇంకో మాట కూడా అన్నాడు, పెద్దవాళ్ళు చావుకి జడవకుండా ఉండగలిగితే పిల్లలు బతుక్కి జడవరని. అది గుర్తుపెట్టుకునే మొన్న మనవరాలికి దాచకుండా చెప్పాను. అదే సూది రోజు, వచ్చి నా పక్కన కూర్చుని ఉన్నట్టుండి "అమ్మమ్మా, నువ్వు కూడా పోతావా?" అంది. "పోతానమ్మా" అన్నాను. "ఎక్కడికి?" అంది వెంటనే. నేను ఆగిపోయాను. మనం చచ్చిపోయారు అనడానికి నోరు రాక పోయారు అంటాం కదా, పోవడం అంటే వెళ్ళడం, వెళ్ళడం అంటే ఎక్కడికో ఉండాలి కదా మరి! పిల్ల ఆ మాటని ఉన్నది ఉన్నట్టు విన్నది, నేను డెబ్భై ఏళ్ళుగా అంటున్నా వినలేదు. "సరిగ్గా తెలియదురా, తాతయ్య ముందెళ్ళారుగా, అటే" అన్నాను. అది కాసేపు ఆలోచించి, "మరి అక్కడ నీకు దారం ఎవరు ఎక్కిస్తారు?" అని నా చేతిలో సూది లాక్కుంది. దారం కొస నోట్లో తడిపింది, రెండు వేళ్ళతో మెలిపెట్టింది, ఆ మెలిపెట్టడం దానికి ఎవరూ నేర్పలేదు, ఒక్కసారికే ఎక్కించి నాకిచ్చి ఆటకి పరిగెత్తింది.

నేను చెప్పాలనుకున్నది ఇదేనండీ. టైం ఉంది, మీరేమన్నా అడగాలంటే అడగండి, మైకు అటు ఇమ్మంటాను.